కెంపెక్కిన మోము

ముఖము మనస్సునకు అద్దమని లోకము నమ్మినది. కోపము వచ్చినచో కన్నులు జేవురించును. సిగ్గు కలిగినచో చెక్కిళ్లు కెంపెక్కును. భయమున మోము తెల్లబోవును. లోపలి భావము బయటి రంగుగా పరిణమించుటను మన ఆలంకారికులు వైవర్ణ్యమని పేర్కొని, ఎనిమిది సాత్త్వికభావములలో దానికొక స్థానమిచ్చిరి. రంగస్థలము మీద సత్యభామ అలుక బూనినపుడు ప్రేక్షకుడు సగము కథను ఆమె మోముననే చదువుకొనును. కావ్యమున ఈ న్యాయము చెల్లును. జీవితమున అన్నివేళల చెల్లదు. భావమేమియు లేకయే ఎఱ్ఱబడు ముఖములు లోకమున కలవు. కోపము లేదు, సిగ్గు లేదు, త్రాగుడు అసలే లేదు. అయినను చెక్కిళ్లు, ముక్కు, నుదురు, గడ్డము పొయ్యిసెగ తగిలినట్లు కాగి మండుచుండును. ఈ వ్యాధికి పాశ్చాత్య వైద్యులు రోజేషియా అని పేరిడిరి. గులాబిని బోలినదని ఆ లాటిను మాటకు అర్థము. పేరు సుకుమారమైనదే కాని, దానిని మోయువారి బాధ మాత్రము అట్టిది కాదు.

ఈ వ్యాధి ప్రాణము తీయునది కాదు. అందుచేతనే దీనిని తేలికగా తీసివేయుట పరిపాటి అయినది. అయితే నలుగురి ముందునకు పోవలసిన మనిషికి మొట్టమొదట కావలసినది ముఖమే. తరగతి గదిలో నిలువబడు ఉపాధ్యాయురాలు, అంగడిలో కూర్చుండు వర్తకుడు, పెండ్లిచూపులకు సిద్ధమగు కన్య - వీరి చెక్కిలి మీది ఎఱుపును చూచి ఎదుటివాడు ఏదో ఒక కథ అల్లుకొనును. ఆ కథ తఱచుగా అన్యాయమైన కథ.

పటములలో, కావ్యములలో

ఆ అన్యాయము నేటిది కాదు. ఆంగ్లకవి చాసరు పదునాలుగవ శతాబ్ది చివర రచించిన కాంటర్బరీ కథలలో మతన్యాయస్థానపు బంటు ఒకడు కలడు. వాని ముఖము నిప్పువలె ఎఱ్ఱనిది, పొక్కులతో నిండినది. చూచిన పిల్లలు జడియుదురు. గంధకము, పాదరసము, సీసపు భస్మములు, ఏ మందును వాని బుగ్గల మీది పొక్కులను మాన్పలేకపోయెనని కవి చెప్పెను. వెల్లుల్లి, ఉల్లి, ఎఱ్ఱని ద్రాక్షసారాయము వానికి ప్రీతి అనియు చేర్చెను. ఆ బంటు రోగము రోజేషియాయే కావచ్చునని ఈ కాలపు వైద్యులు కొందఱు ఊహించిరి. రోగమునకును దుర్గుణమునకును ముడిపెట్టుట కవి పని. వాడు లంచగొండి, కాముకుడు. కావున ముఖమును అట్టిదే! షేక్స్పియరు నాటకములలో బార్డాల్ఫు అను పాత్ర ముక్కు ఎఱ్ఱనిది. వాని ముక్కు వెలుగున రాత్రివేళ దివిటీల ఖర్చు మిగిలినదని ఫాల్స్టాఫు పరిహాసమాడును. ప్రేక్షకులు నవ్వుదురు. ఎఱ్ఱని ముక్కు త్రాగుబోతు గుర్తు అను అపోహ ఆ నవ్వుతోపాటు శతాబ్దములు నడచి వచ్చినది.

చిత్రకారుడొకడు మాత్రము వేఱొక దృష్టితో చూచెను. పారిస్ నగరమందలి లూవ్ర్ ప్రదర్శనశాలలో దొమెనికో గిర్లాందాయో అను ఇటలీ చిత్రకారుడు 1490 ప్రాంతమున చిత్రించిన పటమొకటి కలదు. అందున్నవారు ఒక వృద్ధుడు, ఒక పసిబాలుడు. వృద్ధుని ముక్కు బొడిపెలు గట్టి, ఉబ్బి, వికృతమై ఉన్నది. నేటి వైద్యులు ఆ ముక్కున రైనోఫైమా అను స్థితిని గుర్తించిరి. ఇది రోజేషియా ముదిరిన రూపములలో ఒకటి. బాలుడు ఆ ముక్కును చూచి వెనుకాడుట లేదు. తన చిన్న చేతిని వృద్ధుని ఎదపై ఉంచి, ఆయన కన్నులలోనికి చూచుచున్నాడు. రోగమును దాచకయే రోగిని గౌరవించిన ఆ పటము వంటివి కళాచరిత్రమున అరుదు.

మద్యము ఈ ఎఱుపును రేపు కారణములలో ఒకటి అనుట నిజమే. కాని జన్మలో మద్యము ముట్టనివారికిని ఈ వ్యాధి వచ్చును. ముక్కు రంగును చూచి నడవడిని నిర్ణయించుట శాస్త్రమునకును విరుద్ధము, ధర్మమునకును విరుద్ధము.

వ్యాధి స్వరూపము

సాధారణముగా ముప్పదియేండ్లు దాటిన తరువాత ఈ వ్యాధి తల చూపును. స్త్రీలలో హెచ్చుగా కనబడును. ముక్కు ఉబ్బుట మాత్రము పురుషులకే హెచ్చు. తొలుత ముఖము అప్పుడప్పుడు ఉన్నట్టుండి కాగి ఎఱ్ఱబడి, కొంతసేపటికి చల్లారును. క్రమముగా ఎఱుపు ముఖమధ్యమున నిలిచిపోవును. సన్నని రక్తనాళములు చెక్కిళ్ల మీద దారపు పోగులవలె తేలును. పిమ్మట ఎఱ్ఱని గుల్లలు, చీముపొక్కులు లేచును. కొందఱికి కన్నులలో ఇసుక పడినట్లు గరగరలాడుట, రెప్పల అంచులు వాచుట కలుగును. ఈ కంటి లక్షణములను ఎంతమాత్రము ఉపేక్షింపరాదు. నల్లగ్రుడ్డు మీది పారదర్శకమైన పొర దెబ్బతిని చూపునకే ముప్పు కలుగవచ్చును.

దీనిని మొటిమలని భ్రమించుట సర్వసాధారణము. మొటిమలలో నల్లని, తెల్లని ములుకులు చర్మరంధ్రములలో కనబడును. రోజేషియాలో అవి ఉండవు. మొటిమలు వక్షమున, వీపున సయితము లేచును. రోజేషియా సాధారణముగా ముఖమును విడిచిపోదు. లూపస్ అను వేఱొక రోగమున కూడ చెక్కిళ్ల మీద సీతాకోకచిలుక రెక్కలవలె ఎఱుపు పఱచుకొనును. అందు ముక్కు ప్రక్కనుండి పెదవి చివరకు దిగు మడతలు తఱచు విడువబడి ఉండును. దానితో కీళ్లనొప్పులు, జ్వరము, నోటిపుండ్లు ఉన్నచో వెంటనే పరీక్ష అవసరము. ఈ భేదములు తెలిసినవాడు చర్మవైద్యుడు. అద్దము ముందు నిలిచి నిర్ణయించుకొనదగిన విషయములు కావివి.

రోజేషియా తెల్లవారి రోగమను మాట యొకటి చాలకాలము ప్రచారమున ఉండెను. తెల్లని చర్మము మీద ఎఱుపు స్ఫుటముగా కనబడుటయు, అట్టివారిలో రోగము హెచ్చుగా నమోదగుటయు దీనికి కారణములు. చామనచాయ గల మన మోముల మీద ఆ ఎఱుపు ఎఱుపుగా కనబడదు. రాగిచాయగానో, ఊదారంగుగానో, ఒక్కొక్కప్పుడు కేవలము నలుపెక్కినట్లుగానో తోచును. కంటికి దొరకని ఈ లక్షణమును స్పర్శ పట్టియిచ్చును: చర్మము వెచ్చగా ఉండుట, చుఱుక్కుమనుట, ఏ క్రీము రాచినను మండుట. మన ప్రాంతములలో ఈ వ్యాధిని గుర్తించుటకు జాప్యమగుటకును, ఆ జాప్యములో తప్పుడు మందులు ముఖమున చేరుటకును ఈ మఱుగే మూలము.

మంట అను మాటలోని మర్మము

తెలుగున మండు అను క్రియ కలదు. నిప్పు మండును. ఎండ మండును; మండుటెండ అందుము. మిరపకాయ కొఱికిన నోరు మండును. కోపము వచ్చినవాడు మండిపడును. నిప్పు, ఎండ, కారము, కోపము - ఈ నాలుగింటిని మన భాష ఏ కాలముననో ఒక్క మాటలో కూర్చినది. విచిత్రమేమన, రోజేషియాను రెచ్చగొట్టు కారణములలో ముఖ్యమైనవి ఈ నాలుగే.

ఇది కేవలము మాటల పొత్తు కాదు. నరముల కొనలయందు టి.ఆర్.పి.వి.1 అను గ్రాహకమొకటి కలదు. సుమారు 43 సెంటిగ్రేడు డిగ్రీలు దాటిన వేడి దానిని మేల్కొల్పును. మిరపకాయలోని కాప్సైసిన్ అను పదార్థమును దానినే మేల్కొల్పును. అందుచేతనే కారము తిన్నపుడు నాలుక కాలినట్లు తోచును. ఈ గ్రాహకమును డేవిడ్ జూలియస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1997లో కనుగొనిరి. 2021లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. రోజేషియా కలవారి చర్మమున ఇట్టి గ్రాహకములు అతిగా స్పందించుననియు, అందుచే రక్తనాళములు విప్పారి ముఖము కాగుననియు పరిశోధకులు భావించుచున్నారు.

వ్యాధికి మూలము ఒక్కటి కాదు. వంశమున ఉన్నవారికి వచ్చు అవకాశము హెచ్చు. చర్మమును సూక్ష్మజీవులనుండి కాపాడుటకు శరీరము కాథెలిసిడిన్ అను రక్షకపదార్థమును తయారుచేసికొనును. రోజేషియా రోగులలో ఇది అతిగా పుట్టి, వికృతరూపము దాల్చి, కాపాడవలసిన చర్మమునే వాపునకు గుఱిచేయునని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున రిచర్డ్ గాలో బృందము 2007లో నిరూపించినది. కంచెయే చేను మేసిన చందము! డెమోడెక్స్ అను సూక్ష్మమైన పురుగులు పెద్దవారి ముఖచర్మమున సామాన్యముగా నివసించును. రోజేషియా కలవారి చర్మమున వీని సంఖ్య హెచ్చుగా కనబడినది. ఇది అశుభ్రత వలన కలుగునది కాదు. ఒకరినుండి ఒకరికి అంటునదియు కాదు.

నిత్యచర్య

రోజేషియాను సమూలముగా నిర్మూలించు మందు నేటికిని లేదు. అయితే అదుపులో ఉంచుట సాధ్యము. అదుపునకు మొదటి మెట్టు ఎవరికివారు తమ ముఖమును రెచ్చగొట్టునది ఏదియో తెలిసికొనుట. ఒకరికి పచ్చిమిరప పడదు. ఒకరికి ఎండ పడదు. ఇంకొకరికి ఉద్వేగమే శత్రువు. చిన్న పుస్తకమున రెండు నెలలపాటు ఏ దినమున ఏమి తినిరో, ఎక్కడ తిరిగిరో, ముఖము ఎప్పుడు కాగెనో వ్రాసికొన్నచో గుట్టు బయటపడును. ఊరక అన్నియు మానివేసి నోరు కట్టుకొన నక్కఱ లేదు. గుంటూరు మిరపపండ్ల కారము పుట్టినది మొదలు తిన్నవారిని చప్పిడి తినుమనుట శిక్షయే. ఏది పడదో అది మాత్రము తగ్గించిన చాలును.

కాఫీ విషయము ఇందుకు మంచి నిదర్శనము. కాఫీ ముఖమును రెచ్చగొట్టునని దానిని నిందించుట వాడుక. జోనాథన్ విల్కిన్ అను అమెరికా వైద్యుడు 1981లో ప్రకటించిన పరిశోధనయందు, వేడి కాఫీ త్రాగినను, వేడి నీరు త్రాగినను ముఖము ఎఱ్ఱబడెను. చల్లని కాఫీకి ఎఱ్ఱబడలేదు. దోషము వేడిది, కాఫీది కాదు. 2018లో వెలువడిన వేఱొక పరిశీలన 82,737 మంది అమెరికా నర్సుల వృత్తాంతములను పరీక్షించి, కాఫీ హెచ్చుగా త్రాగువారిలో రోజేషియా తక్కువగా ఉన్నదని చెప్పినది. కావున పొగలు గ్రక్కు గ్లాసును కొంత ఆరనిచ్చి త్రాగినచో ఉదయపు కాఫీని త్యజింపవలసిన పని ఉండదు.

ఎండ అన్నిటికంటె పెద్ద శత్రువు. రెంటచింతల, రామగుండముల ఎండలను ఎఱిగినవారికి ఈ మాట విప్పి చెప్ప నక్కఱ లేదు. గొడుగు, వెడల్పు అంచు గల టోపి, నీడపట్టు - ఇవి మొదటి రక్షలు. ఎస్.పి.ఎఫ్. 30గాని అంతకు మించినదిగాని అయిన ఎండలేపనమును ప్రతిదినము పూసికొనవలెను. జింకు ఆక్సైడు, టైటానియం డయాక్సైడు గల లేపనములు ఈ చర్మమునకు సామాన్యముగా సరిపడును.

వంటయింటి సెగ మన స్త్రీలకు ప్రత్యేకమైన కష్టము. పొయ్యి ముందు గంటల తరబడి వంగి నిలుచుట, పోపు ఘాటు ముఖమునకు తగులుట, గాలి ఆడని చిన్న గది - వేడియు, కారపు ఘాటును ఒక్కసారి మోమున కలిసికొనును. కిటికీ తెఱచుట, పొగను బయటికి లాగు పంకా అమర్చుట, నడుమ నడుమ చల్లని చోటికి వచ్చుట వంటివి రోగికి ఇంటివారు చేయదగిన వైద్యము. ఈ పనిని ఇతరులు పంచుకొన్నచో అంతకు మించిన మందు లేదు.

మన ఆచారములలో కొన్ని ఈ చర్మమునకు గిట్టవు. సున్నిపిండితో నలుగు పెట్టి గట్టిగా రుద్దుట, నిమ్మరసము పులుముట, ముఖమునకు ఆవిరి పట్టుట, కాగు నీళ్లతో తలంటు, కర్పూరము, పుదీన సత్తు కలిసిన తైలములు - ఇవి ఇతరులకు హాయి కలిగింపవచ్చును, రోజేషియా కలవారికి మంట తెప్పించును. సువాసన లేని మెత్తని సబ్బుతో గోరువెచ్చని నీట మృదువుగా కడిగి, రుద్దక మెత్తని బట్టతో అద్దుకొని, సాదా తేమలేపనము పూసికొనుట ఉత్తమము. నరుకు పీచు గాని, గరుకు తువ్వాలు గాని ముఖమున తగులనీయరాదు.

ముఖము హఠాత్తుగా కాగినపుడు మొదట చేయవలసినది ఆ చోటు విడిచి చల్లని గాలికి వచ్చుట. చల్లని నీట తడిపి పిండిన గుడ్డను చెక్కిళ్లపై కొన్ని నిముషములు ఉంచవలెను; మంచుగడ్డను నేరుగా అద్దరాదు. చల్లని నీరు కొద్దికొద్దిగా త్రాగవలెను. ఆ కొన్నిదినములు అలంకరణ ద్రవ్యములను ప్రక్కన పెట్టవలెను. ఎఱుపు దిగకున్నను, పొక్కులు లేచినను, కన్నులు మండినను వైద్యుని చూడవలెను.

ఔషధములు

పూతమందులలో మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆమ్లము, ఐవర్‌మెక్టిన్ ముఖ్యమైనవి. గుల్లలు, పొక్కులు ఉన్నవారికి ఇవి ఉపకరించును. ఐవర్‌మెక్టిన్ డెమోడెక్స్ పురుగులను తగ్గించి, వాపును కూడ అణచును. ఈ వ్యాధికై దీని పూత 2014లో అమెరికాలో అనుమతి పొందినది. చాసరు చెప్పిన మందులలో గంధకము నేటికిని కొన్ని లేపనములలో నిలిచి ఉన్నది. పాదరసము, సీసము విషములని తేలి తొలగిపోయినవి. పొక్కులు హెచ్చయినపుడు డాక్సీసైక్లిన్ లోనికి ఇత్తురు. సూక్ష్మజీవులను చంపుటకు చాలని తక్కువ మోతాదున సయితము ఇది వాపును అణచుట విశేషము. గర్భిణులకు ఇది పనికిరాదు. బ్రిమోనిడిన్ పూత రక్తనాళములను ముడుచుకొనజేసి ఎఱుపును కొన్ని గంటలు తగ్గించును. కాని దాని బలము తీరిన పిమ్మట కొందఱికి ఎఱుపు ఇబ్బడిగా తిరిగివచ్చును. తేలిన సన్నని రక్తనాళములకు లేసరు చికిత్స గుణమిచ్చును. ఉబ్బిన ముక్కును శస్త్రముతోగాని, లేసరుతోగాని చెక్కి సరిదిద్దుదురు.

ఈ మందులు ఒకటి రెండు దినములలో గుణము చూపవు. ఆరు వారములు, ఎనిమిది వారములు, ఒక్కొక్కప్పుడు మూడు మాసములు ఓపిక పట్టవలెను. ఆ ఓపిక లేకపోవుటయే మన దేశమున పెద్ద ప్రమాదమునకు దారితీసినది.

శీఘ్రఫలమను ఉచ్చు

ఓపిక చాలనివాడు మందుల దుకాణమునకు పోయి ముఖమునకు ఏదైన క్రీము ఇమ్మనును. ఇచ్చిన గొట్టములో తఱచు బెటామెథసోన్ వంటి స్టీరాయిడు ఉండును. రెండు మూడు దినములలో ఎఱుపు మాయమగును, చర్మము నిగనిగలాడును, ఒక ఛాయ తేలినట్లును తోచును. ఇరుగుపొరుగువారికి ఆ గొట్టము పేరు చెప్పబడును. మాసములు గడచినకొలది చర్మము పలుచబడును, రక్తనాళములు తేలును, నూగు మొలచును. క్రీము మానిన మఱునాడు ముఖము అగ్నిగుండమగును. మరల రాచినగాని చల్లారదు. మందు రోగమై కూర్చుండును. రోజేషియా లేనివారికి సయితము దానిని బోలిన రోగము ఈ విధముగా చేతులార తెచ్చిపెట్టబడుచున్నది.

ఇది కల్పితభయము కాదు. మన దేశమున 12 వైద్యకేంద్రములలో జరిగి 2011లో ప్రకటితమైన పరిశీలనలో, ముఖచర్మరోగములతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖమునకు స్టీరాయిడు లేపనములు వాడుచున్నట్లు తేలినది. అనగా ప్రతి నూరుమందిలో సుమారు 15 మంది. చర్మవైద్యుల సంఘము ఈ దురుపయోగమునకు ఎదురుగా ప్రచారము నడపినది. 2018లో కేంద్రప్రభుత్వము పెక్కు స్టీరాయిడు లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరానివిగా నిర్ణయించినది. శాసనము పుట్టినంతనే అలవాటు చావదు. తెల్లని మోము అందమను మోహము మన యిండ్లలో ఉన్నంతకాలము ఆ గొట్టమునకు గిరాకి ఉండనే ఉండును. ఇప్పటికే చిరకాలముగా వాడుచున్నవారు ఒక్కసారిగా మానివేసి కష్టపడుటకంటె, వైద్యుని చెంతకు పోయి దాచక చెప్పి, ఆయన చూపిన క్రమమున విడుచుట మేలు.

మోము వెనుకనున్న మనిషి

రోజేషియా రోగుల బాధలో సగము చర్మమునకు చెందినది, సగము ఇతరుల చూపులకు చెందినది. చూపులు గ్రుచ్చుకొన్నకొలది మనస్సు కలతపడును. మనస్సు కలతపడినకొలది ముఖము ఇంకను కాగును. మండుట మఱింత మంటను పుట్టించును. ఈ వలయమును రోగి ఒక్కడే ఛేదింపజాలడు. ఎదుటివారు సాయపడవలెను. ముఖమునకు ఏమైనదని పదుగురి ముందు అడుగకుండుట, తెలియని మందు చెప్పకుండుట, త్రాగుడని గుసగుసలాడకుండుట - ఈ మూడింటికి ఖర్చేమియు లేదు.

మొగము చూచి బొట్టు పెట్టుట అని మనకొక జాతీయము కలదు. మనిషిని బట్టి మర్యాదను తూచువారిని ఎత్తిపొడుచుటకు పెద్దలు దీనిని వాడిరి. కెంపెక్కిన మోము గలవారు దినదినమును ఆ తూకమునకు లోనగుచున్నారు. చర్మమునకు తగిన వైద్యము వైద్యుని చేత ఉన్నది. ఎండకు నీడ గొడుగు చేత ఉన్నది. చూపునకు మన్నన మాత్రము చూచువారి చేత ఉన్నది.